శనగవేరు పిలుపును, యూరియా బస్తాయును

శనగ విత్తుకాలము సమీపించినప్పుడెల్ల రైతుల నోట వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "ఎకరమునకు యూరియా ఎంత వేయవలెను?" అని. ఈ ప్రశ్నకు మేము ఈ సంచికలో కొంచెము విపులముగా సమాధానము వ్రాయదలచితిమి. మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. వేరు బుడిపెలు చక్కగా కట్టిన శనగచేనికి పైపాటుగా యూరియా వేయుట వ్యర్థవ్యయము. అంతియేకాక, పైరు తనంతట తాను చేసికొనుచున్న పనిని మనము చేజేతుల మాన్పించినట్లగును. ఈ మాట నిజమగుట యెట్లో తెలియవలెనన్న, పైరును, మట్టిలోని సూక్ష్మజీవులును తమ చుట్టుపట్ల స్థితిగతులను ఏ విధముగ కనిపెట్టుచున్నవో, కనిపెట్టి యేమి చేయుచున్నవో కొంత తెలిసికొనుట యవసరము.

ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతములందలి నల్లరేగడి నేలలు నీటిని చాలకాలము తమలో నిలుపుకొనగలవు. వానలు వెనుకబట్టిన పిమ్మట చిత్త, స్వాతి కార్తెలలో, నేలలోని పదునునే నమ్ముకొని శనగ విత్తుట మన వాడుక. అటుపిమ్మట వాన కురియునో కురియదో యెవ్వరును చెప్పజాలరు. ఉన్న పదునుతో నూరు దినములు గడుపవలసిన పైరు తన స్థితిని తాను గుర్తెరిగి నడుచుకొననియెడల గింజ కట్టుట యెట్లు?

పశువునకు దాహమైనచో కుంటకడకు నడచిపోవును. ఎండ తీవ్రమైనచో చెట్టునీడ చేరును. మొక్కకట్టి వీలు లేదు. విత్తు పడిన చోటనే మొలిచి, అచ్చటనే పెరిగి, అచ్చటనే ఫలించవలెను. కదలలేని జీవి కావుననే దానికి గ్రహణశక్తి మిక్కిలి యక్కరయైనది. 1880 వ సంవత్సరమున చార్లెస్ డార్వినును, ఆయన కుమారుడు ఫ్రాన్సిసును గడ్డిజాతి మొలకలపై చేసిన పరీక్షలను ప్రకటించిరి. మొలక కొనకు చిన్న కుళ్లాయి తొడిగినచో అది వెలుతురువైపు వంగలేదు. కొనను విడిచి క్రిందిభాగమును కప్పినచో వంగినది. వెలుతురును గ్రహించునది కొన, వంగునది క్రిందిభాగము. అనగా ఒకచోటినుండి మరియొకచోటికి వార్త పోవుచున్నదన్నమాట. ఆ వార్తను మోయు పదార్థమును తరువాతివారు కనుగొని ఆక్సిన్ అని పేరిడిరి. మన దేశమున జగదీశచంద్ర బోసుగారు మొక్కల చలనములను, స్పందనములను కొలుచుటకు మిక్కిలి సూక్ష్మములైన యంత్రములను నిర్మించి, 1917 లో కలకత్తాలో తమ పేర పరిశోధనాలయమును స్థాపించిరి.

ఇవి పరిశోధనాలయములకే పరిమితములైన సంగతులని యెంచరాదు. మన చేలలో ప్రతిదినము జరుగుచున్నవి. నేల యెండుట మొదలిడగనే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లమను పదార్థము హెచ్చును. దానిచే ఆకుల యడుగుననున్న సన్నని రంధ్రములు మూసికొని నీటి ఖర్చు తగ్గును. కందిని వానకాలపు మొదట విత్తినచో మనిషెత్తు పెరుగును. అదే కందిని రబీలో విత్తినచో పొట్టిగా నుండగనే పూతకు వచ్చును. రాత్రి పొడవగుచున్న సంగతిని కంది తన యాకులతో గ్రహించుటయే దీనికి ముఖ్యకారణము. పగటి పొడవునుబట్టి మొక్కలు పూయునని 1920 లో అమెరికాలో గార్నరు, అల్లార్డు అను వారిద్దరు నిరూపించిరి. రబీ కందిని దగ్గరదగ్గరగా విత్తవలెనని పెద్దలు చెప్పుట యిందులకే.

ఇక సూక్ష్మజీవుల మాట. బాక్టీరియా యనబడు నీ జీవులు ఏకకణ ప్రాణులు. వెయ్యింటిని వరుసగా పేర్చినను ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవునకు మించవు. కన్ను, చెవి, మెదడు వీనికి లేవు. అయినను శరీరపు పైపొరయందు కొన్ని గ్రాహకములు గలవు. చక్కెరయో, ఆమ్లమో, మరియే పదార్థమో వచ్చి తగిలినప్పుడు ఆ గ్రాహకము లోపలికి వార్త నంపును. సూక్ష్మజీవి కొంతదూరము సూటిగా నీది, ఆగి, దొర్లి, వేరొక దిక్కునకు తిరుగును. మేత హెచ్చుచున్న దిక్కున పోవునప్పుడు సూటిగా నీదు కాలము నెక్కువ చేసికొనును. తగ్గుచున్న దిక్కున పోవునప్పుడు వెంటనే దొర్లి మరలును. ఇట్లు గ్రుడ్డిగా వెదకుచున్నట్లు కనుపించినను తుదకు మేత యున్న తావునకే చేరును. సూక్ష్మజీవులు ఆహారమువైపు చేరుటను 1884 లో ఫెఫ్ఫరను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఈదుటకు నీరు కావలెను గదా! మట్టిరేణువుల నంటియున్న పలుచని నీటిపొరయే వాని చెరువు. పదును పోయినచో వాని ప్రయాణమును నిలిచిపోవును. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలయును; ముందు పనికివచ్చును.

ఈ రెండు జీవులును ఒకదానితో నొకటి వ్యవహరించుట కెల్లకంటె చక్కని నిదర్శనము మన శనగవేరు. గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు నత్రజనియే. ప్రతి చేనిపైనను లెక్కకు మిక్కిలియైన నత్రజని నిలిచియున్నది. కాని జొన్నకు, వరికి, ప్రత్తికి, మిరపకు దానిని తినుశక్తి లేదు. పప్పుజాతి మొక్కలు మాత్రము సూక్ష్మజీవుల సాయమున దానిని పొందగలవని 1886 లో జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్తు అనువారు వెల్లడించిరి. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవిని 1888 లో హాలెండు దేశస్థుడు బైయెరింకు విడదీసి పెంచెను. అంతకుపూర్వము బుడిపెలను తెగులని యెంచినవారు పలువురు గలరు. పప్పుపైరు తరువాత జొన్న బాగుగ పండునని మాత్రము రైతులు అనుభవమున నెరిగియేయుండిరి. రైతుకు ఫలితము తెలియును. శాస్త్రజ్ఞుడు కారణమును జెప్పెను.

శనగవేరునకును సూక్ష్మజీవికిని నడచు వ్యవహార మెట్టిదనగా, నత్రజని చాలని మొక్క తన వేరునుండి ఫ్లేవనాయిడ్లను పదార్థములను మట్టిలోనికి స్రవించును. ఇది పిలుపు. ఆ దాపున పదునులో నున్న రైజోబియం జాతి సూక్ష్మజీవి ఆ పదార్థమును గ్రహించి, తానొక పదార్థమును తయారుచేసి విడుచును. దీనికి నాడ్ కారకమని పేరు. ఇది ప్రత్యుత్తరము. దీని నిర్మాణమును ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 1990 లో తేల్చిరి. వేరు ఈ ప్రత్యుత్తరమును పరీక్షించును. గడపకడ నిలిచి ఊరును, పేరును సరిగా చెప్పినగాని అపరిచితుని లోనికి రానీయని గృహస్థువలె, తనకు తగిన సూక్ష్మజీవి యని రూఢిపడినగాని వేరు వాకిలి తెరువదు. రూఢిపడినచో వేరునూగు వంగి సూక్ష్మజీవిని చుట్టుకొనును; సన్నని గొట్టమువంటి త్రోవ యేర్పడును; దానివెంట సూక్ష్మజీవి లోనికి బోవును; అచ్చట బుడిపె కట్టును.

శనగ మిక్కిలి పట్టుదల గల గృహస్థు. వేరుశనగతో, కందితో, పెసరతో జతకట్టు సూక్ష్మజీవి శనగకు పనికిరాదు. శనగకు ప్రత్యేకమైన మీసోరైజోబియం జాతులు కలవు. కావున వేరుశనగకై తెచ్చిన కల్చరు పొట్లము మిగిలినదని దానినే శనగవిత్తనమునకు పట్టించుట నిష్ప్రయోజనము. పొట్లముపై ఏ పైరు పేరు వ్రాసియున్నదో చూచి కొనవలయును.

బుడిపెలో జరుగు పని యేమి? మొక్క తాను ఎండలో వండుకొన్న చక్కెరలో కొంత సూక్ష్మజీవి కిచ్చును. సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చును. ఈ పని చేయు సాధనమునకు ప్రాణవాయువు తగిలినచో చెడిపోవును. సూక్ష్మజీవి బ్రతుకుటకో ప్రాణవాయువు కావలెను. ఈ చిక్కును దీర్చుటకై బుడిపెలో మన రక్తములోని వర్ణకమును బోలిన లెగ్‌హీమోగ్లోబిన్ పుట్టి, ప్రాణవాయువును కొలతగా నందిచ్చును. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల గులాబిరంగు కనుపించుటకు కారణమిదియే. గులాబిరంగు గలది పని చేయుచున్న బుడిపె. తెల్లనిది ఇంకను లేతది, లేదా సోమరి. ఆకుపచ్చగను, గోధుమరంగుగను మారినది పని ముగిసినది.

ఇప్పుడు యూరియా మాటకు వత్తము. మొక్క సూక్ష్మజీవికి చక్కెర నూరక యిచ్చుటలేదు. బుడిపెలను పెంచుటకును, పోషించుటకును దానికి చాల ఖర్చు కలదు. మట్టిలో నైట్రేటు రూపమున నత్రజని సిద్ధముగా దొరకునప్పుడు మొక్క ఆ సంగతిని వేరుతో గ్రహించి, బుడిపెలు కట్టుట తగ్గించును. కట్టిన బుడిపెల పనియు మందగించును. బజారులో వండిన యన్నము చవుకగా దొరకునప్పుడు ఇంట పొయ్యి వెలిగించువా డెవడు? యూరియా చల్లిన కొలదిదినములకే పదునుగల నేలలో అది నైట్రేటుగా మారును. మనము వేసిన బస్తా శనగవేరునకు "నీవు పిలువనక్కరలేదు" అని చెప్పు వార్తయగును. ఆ విధముగ గాలినుండి యుచితముగా రావలసిన నత్రజనిని ఆపివేసి, దానిస్థానమున కొన్న నత్రజనిని పెట్టుచున్నాము. పైరునకు చేరునది హెచ్చు కాకపోవచ్చును. రైతు చేతినుండి పోవునది మాత్రము నిజము.

అట్లయిన శనగకు నత్రజని యేమియు వేయరాదా యని యడుగవచ్చును. వేయవచ్చును, కొలత దాటరాదు. బుడిపెలు కట్టి పని మొదలిడుటకు మూడు నాలుగు వారములు పట్టును. ఆ లోపల మొలక కాధారముగ ఎకరమునకు 8 కిలోల నత్రజనియు, వేరు బలమునకు 20 కిలోల భాస్వరమును విత్తునప్పుడే వేయవలెనని సిఫారసు కలదు. ఒక 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో 9 కిలోల నత్రజనియు, 23 కిలోల భాస్వరమును గలవు. అనగా ఆ యొక్క బస్తాతోనే రెండును తీరిపోయినవి. అంతకుమించి 45 కిలోల యూరియా బస్తా యొకటి వేసినచో ఇంచుమించు 21 కిలోల నత్రజని యదనముగ పడును. చేయవలసినదానికి రెండున్నర రెట్లు. మిరపకో, వరికో విస్తారముగ ఎరువు వేసిన భూమిలో మరుసటి పైరుగా శనగ వేయువారు భూసార పరీక్ష చేయించి, ఈ 8 కిలోలనైనను తగ్గింపవచ్చునేమో విచారింపవలెను.

మాకు వినవచ్చు ఆక్షేపణలలో మొదటిది: "యూరియా వేసిన చేను పచ్చగా, గుబురుగా పెరుగుచున్నదికదా!" అని. పెరుగును; మేము కాదనము. కాని మన శనగకు నీరు ఎచ్చటిది? నేలలో దాచియుంచిన పదునే. గుబురుగ పెరిగిన ఆకు ఆ పదునును ముందుగనే త్రాగివేయును. కాయలో గింజ గట్టిపడు వేళకు నేల నెరియలు విచ్చును. అప్పుడు పచ్చదనము గింజ కాదు. మెట్టపైరునకు మొదట దుబారా చేయుటకంటె కడవరకు నీరు మిగుల్చుకొనుట మేలు.

రెండవ యాక్షేపణ కొంత బలమైనది. "మా నేలలో చాల యేండ్లుగా శనగయే పండించుచున్నాము. సూక్ష్మజీవి మట్టిలోనే యున్నప్పుడు మరల కల్చరు పొట్లము కొనుట ఎందులకు?" అని. ఈ మాటలో నిజమున్నది. యేటేట శనగ వేసిన చేలలో దానికి తగిన సూక్ష్మజీవులు సామాన్యముగ నుండును. అట్టిచోట పొట్లములోని సూక్ష్మజీవి నేలలో స్థిరపడినవానితో పోటీపడి గెలువలేకపోవచ్చును. మొదటిసారి శనగ వేయుచున్న నేలలోను, చాలకాలము వరిక్రింద నీరు నిలిచిన నేలలోను, పెక్కేండ్లు శనగ మానిన నేలలోను కల్చరు ప్రయోజన మధికము. కావున పొట్లమును అందరును కొనుడని మేము చెప్పము. ముందు మీ వేరును చూడుడు, పిమ్మట కొనుడు.

వేరును చూచు విధము మిక్కిలి సులభము. విత్తిన 35, 40 దినములకు చేనిలో నాలుగైదు తావుల మొక్కలను పారతో మట్టితోగూడ త్రవ్వి తీయవలెను. చేతితో లాగినచో బుడిపెలు మట్టిలోనే తెగిపోవును. మట్టిగడ్డను నీటిలో నానవేసి మెల్లగా కడిగి, బుడిపెలను లెక్కించి, రెండు మూడింటిని గోటితో చీల్చవలెను. తల్లివేరునకు దగ్గరగా బుడిపెలు గట్టిగా నుండి, లోపల గులాబిరంగు గలదేని, ఆ చేనికి యూరియా యక్కరలేదు. బుడిపెలు లేక, ఆకులు పాలిపోయినచో సంగతి వేరు. అప్పుడు నత్రజని వేయుట తప్పు కాదు, వ్యవసాయ నిపుణుల సలహాపై వేయవలెను. మరుసటి యేట విత్తనమునకు కల్చరు తప్పక పట్టింపవలెను. ఒక్క జాగ్రత్త: నెమటోడు పురుగులవలన గూడ వేరు ఉబ్బును. బుడిపె వేరుప్రక్కన నంటుకొని గిల్లిన నూడివచ్చును. పురుగుచే గలిగిన యుబ్బు వేరులోనే కలిసియుండి యూడదు.

కల్చరు పట్టించువారు మరువరాని మాట: పొట్లములో నున్నది మందు కాదు; ప్రాణము. ఎండ తగిలినను, వేడి తగిలినను చచ్చును. రేకులకప్పు క్రింద ఎండలో నెలదినములు పడియున్న పొట్లములో మిగులునది నల్లని పొడి మాత్రమే. శిలీంధ్రనాశక మందు పట్టింపవలసియున్నచో దానిని ముందు పట్టించి, ఆరనిచ్చి, కడపట విత్తుటకు కొంచెము ముందుగ బెల్లపునీటితో కల్చరు పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను. పదునులేని పైమట్టిలో విత్తరాదు; సూక్ష్మజీవి యీదుటకు నీటిపొర కావలెనని పైన చెప్పియున్నాము. నీరు నిలువ నీయరాదు. గాలియాడని వేరున బుడిపె పనిచేయదు. భాస్వరము తగ్గింపరాదు, గాలిలోని నత్రజనిని విరుచుటకు చాల శక్తి కావలెను, ఆ శక్తివ్యవహారమంతయు భాస్వరము మీదుగనే నడచును.

సంకేతముల నాలకించువారిలో మిత్రులే కాదు, శత్రువులును గలరు. జొన్నచేలలో కనుపించు జొన్నమల్లె విత్తనము ఇసుకరేణువుకంటె సన్ననిది. మట్టిలో నేండ్లతరబడి నిద్రించి, జొన్నవేరు స్రవించు స్ట్రైగోలాక్టోన్ అను పదార్థము తగిలినగాని మొలవదు. మొలిచినంతనే వేరునకు కరచుకొని రసము పీల్చును. భాస్వరము చాలని వేరు ఈ పదార్థమును హెచ్చుగ విడుచును. వేరు పిలిచినది తనకు భాస్వరమును దెచ్చియిచ్చు మేలైన బూజుజాతిని. ఆ పిలుపును విని దొంగయు వచ్చినాడు. ఈ జాతి పదార్థమును మొదట 1966 లో ప్రత్తివేరుల స్రావమునుండి విడదీసిరి. ప్రత్తివేరు పిలుపునకు జొన్నమల్లె మొలచును గాని ప్రత్తిని పట్టలేక చచ్చును. జొన్నమల్లె పట్టిన భూమిలో జొన్న తరువాత ప్రత్తి వేయుట యిందుచేతనే మేలు. సంకేతమును తెలిసినవాడు శత్రువును మోసగింపగలడు.

కె.సి. కాలువ క్రింద వరి పండించువారికి ఎండాకు తెగులు తెలియనిది కాదు. దానిని కలిగించునదియు నొక బాక్టీరియమే. ఇట్టివి ఒంటరిగ నున్నప్పుడు దాడి చేయవు. ప్రతి కణమును కొంచెము కొంచెముగ నొక పదార్థమును వెలికి విడుచుచుండును. అది చుట్టుపట్ల చిక్కనైనప్పుడు "మన సంఖ్య చాలినది" యని గ్రహించి అన్నియు నొక్కమారు విజృంభించును. సూక్ష్మజీవులకు ఇట్టి జనసంఖ్యాజ్ఞాన మున్నదని 1970 లో సముద్రమందలి వెలుగు బాక్టీరియములయందు తెలియవచ్చినది. ఇట్టి సంకేతమును చేయు జన్యువు చెడిన యెండాకు తెగులు బాక్టీరియము వరిని పీడించుటలో బలహీనమగునని హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞులు 2002 లో ప్రకటించిరి. ఇక వరికిని కావలివాండ్రు కలరు. శత్రువు విడుచు పదార్థమును పసిగట్టు ఎక్స్ఏ 21 అను జన్యువు ఒక యడవివరిలో దొరకినది. దానితోబాటు మరి రెండు జన్యువులను బాపట్లవారి సాంబమసూరిలో చేర్చి, సి.సి.యం.బి. వారును, హైదరాబాదు వరి పరిశోధన సంస్థవారును మెరుగైన సాంబమసూరిని రూపొందించిరి. అది 2008 లో విడుదలయైనది. వరికిని యూరియా మితిమీరినప్పుడు ఈ తెగులు హెచ్చుననుట గమనింపదగినది.

ఇన్ని సంగతులు చెప్పుటలో మా యుద్దేశము రైతును శాస్త్రజ్ఞునిగా చేయుట కాదు. ఎరువు, నీరు, విత్తు కాలము, పంటమార్పిడి యివన్నియు పైరునకు మనము పంపు వార్తలని గ్రహింపజేయుటయే. వార్త తప్పుగ పంపి, పైరు తప్పుగ నడచినదని చింతించుట న్యాయము కాదు.

ఇక సంఘముల కర్తవ్యము. ఎరువులమ్ముట సంఘముల పనులలో నొకటి. ఎన్ని బస్తాలమ్మిన నంత మంచిదను భావము వ్యాపారికి శోభించునేమో గాని, సభ్యులే యజమానులైన సంఘమునకు తగదు. సభ్యుని చేతిలో మిగిలిన రూపాయియే సంఘమునకు లాభము. కావున మేము నాలుగు సూచనలు చేయుచున్నాము.

మొదటిది, డి.ఏ.పి. కొనవచ్చిన శనగరైతుపై యూరియాను కలిపి కట్టబెట్టు పద్ధతి ఏ సంఘమునందును ఉండరాదు. రెండవది, కల్చరు పొట్లములను విత్తుకాలమునకు పది పదునైదు దినములు ముందుగ, సభ్యులు వ్రాయించుకొన్న లెక్క ప్రకారము మాత్రమే తెప్పించి, చల్లనితావున నుంచి, గడువుతేదీ చూచి పంచవలెను. మూడవది, ప్రతి గ్రామమున ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ చేనిలో నాలుగు సాళ్లకు యూరియా వేయక, ప్రక్కనున్న నాలుగు సాళ్లకు వేసి, రెండింటి వేరులను నలుబదవ దినమున పదిమంది యెదుట త్రవ్వి చూపవలెను. కోతనాడు రెండింటి గింజను వేరువేరుగ తూచవలెను. మా మాటను నమ్ముటకంటె త్రాసును నమ్ముట మేలు. నాలుగవది, ఆ ఫలితములను పట్టికగా వ్రాసి నంద్యాల పరిశోధనా కేంద్రమునకు చూపి సలహా గైకొనవలెను. 1906 లో స్థాపింపబడిన ఆ కేంద్రము శనగలో పెక్కు రకములను మనకిచ్చినది; యంత్రముతో కోయుటకు వీలుగ నిటారుగ పెరుగు ఎన్.బి.ఇ.జి. 47 అను రకము వానిలో నొకటి. అంత చేరువలో నున్న విద్యను వినియోగించుకొనకుండుట మన లోపమే యగును.

ఒంటరి రైతు నాలుగు సాళ్లను వదలి పరీక్షింప భయపడవచ్చును. పంట తగ్గిన నష్ట మెవరు భరింతురు? ఇచ్చటనే సంఘ మక్కరకు రావలెను. నాలుగు సాళ్ల నష్టమును, ఉన్నచో, పదిమంది పంచుకొనిన నది నష్టమే కాదు. లాభము తెలియవచ్చినచో ఊరంతయు పొందును. 1866 నాటి కరవులో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిగారి గ్రామము ఉయ్యాలవాడ. ఒకరి గాదె పదిమంది కాధారమైన ప్రాంతమున, ఒకరి చేనిలోని పరీక్ష పదిమందికి పాఠమగుట కష్టము కాదు.

యూరియా మనకు శత్రువు కాదు. జొన్నకు, వరికి, మిరపకు దానితో పని కలదు. అక్కరగల పైరునకు అక్కరయైనంత వేయుట సేద్యము. పిలువగల వేరు నోరు మూయునట్లు వేయుట దుబారా. ఈ యేటి శనగ మొలిచి నలుబది దినములైన పిమ్మట, పైపాటు బస్తాకై సంఘమునకు రాకముందు, ప్రతి సభ్యుడును ఒక్క పారతో తన చేనికి బోయి నాలుగు మొక్కల వేరులను చూచునుగాక యని కోరుచున్నాము. చూచినవారు తాము కన్నదానిని, అది మా మాటకు విరుద్ధమైనను సరే, మాకు వ్రాసి పంపినచో ఈ పత్రికలో ప్రకటింతుము.